మంచుపలక మీద కోల్‌కతా టైము

మేము దిగిన చోట నేల లేదు. దక్షిణ సముద్రం మీద తేలుతున్న మంచుపలక. పొడవు రెండు కిలోమీటర్లు, మందం ఒకటిన్నర మీటరు. దాని కింద మూడు వేల మీటర్ల నీళ్ళు. జనవరి నెల, మైనస్ తొమ్మిది డిగ్రీలు. అక్కడ అది వేసవి, సూర్యుడు అస్తమించడు. ఓడ క్రేను మమ్మల్నిద్దర్నీ, రెండు గుడారాలనీ, రేడియోనీ, పన్నెండు రోజుల తిండినీ దించి పక్కకు జరిగింది.

నేను సైన్యంలో సిగ్నల్స్ హవల్దారుని. అంటార్కిటికా యాత్రకు డెప్యుటేషన్ మీద పంపారు. రెండోవాడు మెకానిక్కు, టెక్కలి దగ్గరివాడు. పలక మీద మూడు జెండా గడలు పాతాం. రోజుకు నాలుగుసార్లు, వాతావరణం కుదిరినప్పుడు, వాటి దగ్గరకు నడిచి స్థానం, వేళ, గాలి పుస్తకంలో రాయాలి. రోజుకోసారి ఆ వరసలు రేడియోలో ఓడకు చదవాలి. ఓడలో కోల్‌కతా సాల్ట్ లేక్ అమ్మాయి ఒకామె ఉండేది, సముద్రపు మంచు శాస్త్రవేత్త. పలకను గాలి ఎంత నెడుతోంది, ఆటుపోట్లు ఎంత లాగుతున్నాయి అని విడదీసి, మంచు రేపు ఎక్కడుంటుందో ముందే చెప్పే నమూనా తయారుచేస్తోంది. నడిమి గడ దగ్గర, పలక కింద, తాడుకు ఒక పరికరం వేలాడదీశాం. నీటి ప్రవాహాన్ని అది తనలోనే రాసుకుంటుంది. ఆమె మూడేళ్ళ పని దానిమీద ఆధారపడి ఉంది.

ఆమె ఇచ్చిన కచ్చితమైన ఉత్తర్వు ఒక్కటే. వేళ గ్రీనిచ్ సమయంలో రాయాలి.

నా గడియారం మాత్రం కోల్‌కతా టైములో ఉంది. సాయంత్రం నాలుగూ ఇరవైకి మా అమ్మాయి బడి గేటు తెరుస్తారు. మేముండే మెటియాబ్రుజులో కుట్టుమిషను ఆపి మా ఆవిడ ఆటో ఎక్కి అక్కడికి వెళుతుంది. ఆ నిమిషంలో నేనూ మనసులోనైనా గేటు దగ్గర నిలబడాలి, అంతే. వారానికోసారి ఫోను దొరికేది.

"అక్కడ గంటెంతైనాది?" అనేది మా ఆవిడ.

"నీకెంతైనాదో నాకూ అంతే."

మెకానిక్కు పట్టేశాడు.

"ఏటి హవల్దారూ, ఒళ్ళు ఇక్కడ, గడియారం మెటియాబ్రుజులోనా? మరి పుస్తకంలో ఏటి రాస్తన్నావు?"

"ఐదున్నర గంటలు తీసేసి రాస్తన్నాను."

"ఈ చలికి నా పేరే మర్చిపోతన్నాను. నీకు తీసివేతలు గుర్తుంటాయేటి?"

ఎనిమిది రోజులు గుర్తున్నాయి. తొమ్మిదో రోజు మంచుతుపాను. పదకొండు గంటలు గుడారంలోనే ఉన్నాం. బయటికొచ్చేసరికి నడిమి గడ జెండా చిరిగిపోయింది. మా ఆవిడ కుట్టిచ్చిన ఎర్ర సంచి ఒకటి నా దగ్గరుంది. దాన్ని గడకు కట్టాను. వేళ్ళు మొద్దుబారాయి. ఆ రోజు నుంచి గడియారం చూపిందే రాసేశాను. నాలుగు రోజులు.

పన్నెండో రోజు సామాను కడుతూ పుస్తకం తిరగేస్తే తప్పు కనబడింది. గంట గడవకముందే రేడియో పలికింది. ఓడనుంచి ఆమె, బెంగాలీలో.

"దాదా, తుపాను తర్వాత పలక కదలిక లెక్కకు అందడం లేదు. మీ గడియారం కోల్‌కతా టైములో లేదు కదా?"

"లేదు మేడమ్. గ్రీనిచ్చే."

"కచ్చితంగా?"

"కచ్చితంగా. ఓవర్."

మెకానిక్కు స్టవ్వు పక్కన పెట్టి నావైపు చూశాడు.

"మళ్ళీ పిలు. చెప్పీ."

"సామాను కట్టు."

ఇరవయ్యొక్క ఏళ్ళ సర్వీసులో నా కాగితాల మీద మచ్చ లేదు. ఆ రేడియోను కెప్టెను గదిలో అందరూ వింటారు. కారణం అంతకంటే పెద్దదేమీ కాదు. ఐదున్నర గంటలంటే ఏమిటో తెలియక కాదు. మా నాన్న హుగ్లీ మీద లాంచీ ఖలాసీ. పోటు వేళ ఆరు గంటలు తప్పితే ఎగువకు పోవాల్సిన పడవ దిగువకు పోతాదిరా అని చెప్పి పెంచాడు.

పరికరాన్ని ఇంకో ఆరు రోజులు రాసుకోనిచ్చి, మేము ఓడెక్కి స్థావరంలో సరుకు దించడానికి వెళ్ళాం. పలక ఎక్కడుందో చెప్పడానికి దాని మీద వదిలిన సిగ్నల్ పెట్టె మూడో రోజు మూగబోయింది. ఇక నమూనా చెప్పిన చోటే దిక్కు. వెళ్ళాం. నీళ్ళున్నాయి, పొగమంచు ఉంది. పలక లేదు. రెండు రోజులు వెతికాం. రెండో రోజు మధ్యాహ్నం మెస్సులో ఆమె చల్లారిన టీ ముందు కూర్చుని ఉంది.

"నా నమూనాయే తప్పు దాదా. మొదటినుంచీ తప్పే అయ్యుంటుంది."

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను.

ఆమె కంప్యూటరు తెరిచి నాలుగు రోజుల వేళల్లోంచి ఐదున్నర గంటలు తీసేసింది. తెర మీద చుక్క పడమటికి ముప్ఫై కిలోమీటర్లు జరిగింది.

"పది నిమిషాల పని దాదా," అంది. "అడిగాను కదా."

ఓడ తిరిగింది. ఆలోగా గాలి కూడా తిరిగింది. విడివిడిగా ఉన్న మంచంతా దగ్గరకొచ్చి పేరుకుంది. చుక్కకు నాలుగు కిలోమీటర్ల ఇవతల ఓడ ఆగిపోయింది. హెలికాప్టరు లేచే గాలి కాదు. పొగమంచు విడింది. దుర్భిణిలో గడ కనబడింది, దానికి ఎర్ర సంచి.

"గంట దాటితే మంచులో ఇరుక్కుని మనమూ దానితోపాటే పోతాం," అన్నాడు కెప్టెను.

నలభై నిమిషాలు నిలబడ్డాం. ఆమె నా పక్కనే నిలబడింది. నమూనా సరిగ్గానే ఉంది. చెప్పిన దిక్కుకే పలక పరికరంతో సహా వెళ్ళిపోతోంది. ఆ రోజు నాలుగూ ఇరవై ఎప్పుడు దాటిందో నేను చూసుకోలేదు.

ఆమె ఫిర్యాదు చేయలేదు. నేనే రాసిచ్చాను. నా సర్వీసు కాగితాల్లో ఒక వాక్యం చేరింది. అది న్యాయమే.

ఏప్రిల్లో హౌరాలో దిగాను. మర్నాడు నాలుగూ ఇరవైకి బడి గేటు దగ్గర ఉన్నాను. అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. అన్ని రోజులూ నేను కోరుకున్నది ఆ ఒక్క నిమిషమే.

ఇంట్లో మా ఆవిడ పెట్టె సర్దుతూ అడిగింది. "సంచేదీ?"

"అక్కడుండిపోయింది."

"పోతే పోనీ. మరోటి కుడతాను."

అదే గుడ్డతో కుట్టింది. అది పట్టుకుని బజారుకు వెళ్ళడం నా వల్ల కాదు. ఉద్యోగం వదిలాక సాయంత్రాలు నది ఒడ్డున కూర్చుంటున్నాను.

"ఏటి నాన్నా చూస్తన్నావు?" అంటుంది అమ్మాయి.

"ఆటు మొదలైనాది," అంటాను.

నీళ్ళు వంతెన కిందనుంచి సముద్రంవైపు వెళుతుంటాయి. నాకు మాత్రం సంచి కనబడుతుంది. గాలికి దాని నోరు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. మా ఆవిడ రెండుసార్లు వేసిన కుట్టు మీదే అది గడను పట్టుకుని ఉంది.