పెద్ద డ్రమ్ము చప్పుడు వెంట నడిచిన ఆడపిల్లలు

2016 ఆగస్టు. విజయనగరంలో స్వాతంత్ర్య దినోత్సవం పరేడ్‌కి రిహార్సళ్ళు జరుగుతున్నాయి. అప్పటికి నేను పోలీసు బ్యాండులో చేరి చాలా ఏళ్ళయింది. నా పని బేస్ డ్రమ్. తోలు పట్టీలతో రెండు భుజాల మీంచి పొట్ట ముందు వేలాడే పెద్ద డ్రమ్ము అది. జనానికి కార్నెట్ బాకా మీద వాయించే బాణీ గుర్తుంటుంది, ఎండలో మెరిసే ఇత్తడి వాయిద్యాలు గుర్తుంటాయి. బేస్ డ్రమ్ వాయించేవాడి మొహం సగం డ్రమ్ము చాటునే ఉండిపోతుంది.

నాకీ పని మా నాన్న నుంచి వచ్చింది. ఆయన చీపురుపల్లిలో ఒక ప్రైవేటు బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఆ రోజుల్లో ఏ సంబరం జరిగినా బ్యాండు ముందు నడవాల్సిందే. పెళ్ళికొడుకు ఊరేగింపైనా, కొత్త బట్టల షాపు తెరిచినా, బళ్ళో జెండా ఎగరేసినా నాన్నావాళ్ళు ఎర్రకోట్లు తొడుక్కుని వెళ్ళేవారు. బ్యాండు వీధి మలుపు తిరగ్గానే కొట్లలో బేరాలు ఆగిపోయేవి. తూకం వేస్తున్న చేయి అలాగే ఉండిపోయేది. ఆ చప్పుడికి నా కాళ్ళు వాటంతటవే కదిలేవి.

క్విక్ మార్చ్ అంటే కవాతు నడక వేగానికి కట్టిన బాణీ. నడిచేవాళ్ళ ఎడమకాలు నేలకి తాకినప్పుడు బేస్ డ్రమ్ దెబ్బ పడాలి. పరేడ్‌కి వచ్చిన దళాలన్నీ ఆ దెబ్బని పట్టుకునే నడుస్తాయి. వేదిక ముందుకి రాగానే లీడరు 'ఐస్ రైట్' అంటాడు. అప్పుడందరూ తల కుడివైపుకి తిప్పి వందనం చేస్తారు. బ్యాండు వేదికకి ఎదురుగా, గ్రౌండు అవతలి అంచున నిలబడుతుంది.

ఆ ఏడు రిహార్సల్‌కి ఎన్.సి.సి. వాళ్ళతోపాటు కొత్తగా ఒక దళం వచ్చింది. చూపులేని ఆడపిల్లల హాస్టలు బడి నుంచి వచ్చారు. తెల్ల సల్వారు, నీలం చున్నీ వేసుకున్నారు. వాళ్ళని తీసుకొచ్చిన టీచరు సుజాత మేడం. లీడరు పార్వతి. పదో తరగతి చదువుతోంది, గుర్ల దగ్గర ఒక పల్లెలో వరి పండించే రైతు కూతురు. బక్కపల్చటి పిల్లే గానీ కమాండ్ ఇస్తే గ్రౌండు చివరిదాకా వినిపించేది.

పరేడ్ చూసుకునే అధికారి మంచివాడే. కానీ ఆయన భయం ఆయనది. అంతమంది జనం ముందు ఎవరైనా పడిపోతే ఎలాగన్నాడు. మార్చ్ వద్దు, తర్వాత సాంస్కృతిక కార్యక్రమంలో దేశభక్తి పాట పాడిద్దాం అన్నాడు. సుజాత మేడం ఏదో చెప్పబోతుంటే పార్వతే అందుకుంది.

"పాటకి ఎప్పుడూ పిలుస్తారండి. నడవడానికి ఎవలూ పిలవరు."

అయితే వరసకొక తాడు ఇద్దాం, అది పట్టుకుని నడవండి అన్నాడాయన. దానికీ ఆ పిల్ల ఒప్పుకోలేదు. తాడు పట్టుకుంటే చేతులు ఊపడం అవదని, అది మార్చ్ అనిపించుకోదని చెప్పింది. చివరికి, రిహార్సల్లో సరిగ్గా నడిస్తేనే అసలు రోజుకి అనుమతి అని తేల్చారు.

మొదటి రిహార్సల్ పాడైంది. బయల్దేరినప్పుడు బాగానే ఉన్నారు. సగం దూరం వచ్చేసరికి కుడివైపు పిల్లల అడుగు ఒకలా, ఎడమవైపు పిల్లల అడుగు ఒకలా పడింది. వరస వంకర తిరిగింది. వెనక వరసలో ఒక పిల్ల ముందు పిల్ల మడమ తొక్కి మోకాళ్ళ మీద పడింది. ఎవరూ నవ్వలేదు.

మా బ్యాండు మాస్టరు అప్పలస్వామి గారు మమ్మల్ని ఆపి, ఒరే సూరీ, దెబ్బ తేడా పడతన్నాదేటిరా అని నన్నడిగారు. తేడా లేదని నాకు తెలుసు. అయినా ఆ పిల్లల దగ్గరికే వెళ్ళి అడిగాను.

పార్వతి నా వైపు కాక, భుజానికున్న డ్రమ్ము వైపు మొహం పెట్టి చెప్పింది. "సార్, రెండు డ్రమ్ములు ఇనబడతన్నాయి. ఒకటి మీది. ఇంకోటి ఆ పక్క నుంచి, కొంచెం ఎనకాల వస్తాది. దేనికి అడుగెయ్యాలో తెలీడం లేదు."

గ్రౌండులో ఉన్నది ఒక్కటే బేస్ డ్రమ్. నేను కళ్ళు మూసుకుని నిలబడి, సైడ్ డ్రమ్ అనే చిన్న డ్రమ్ము వాయించే కుర్మారావుని ఒక దెబ్బ వెయ్యమన్నాను. అప్పుడు తెలిసింది. వేదిక మీద వాళ్ళకి వినిపించాలని మా ముందు మైకు పెట్టారు. ఆ మోత వేదిక పక్కనున్న స్పీకర్లలోంచి వచ్చి, గ్రౌండు దాటి, మా దెబ్బ వెనకాలే చేరుతోంది. చూపున్నవాళ్ళు పక్కవాడి కాలు చూసి సర్దుకుంటారు, వాళ్ళకది తెలియను కూడా తెలీదు. ఈ పిల్లలకి ఆ వీలు లేదు.

మైకు కట్టేయించి మళ్ళీ నడిపించాం. భుజాలు ఒకదానికొకటి తగిలీ తగలనట్టు, చేతులు ఊపుకుంటూ, తీగ లాగినట్టు నడిచారు. అధికారి తల ఊపాడు. వాళ్ళ వంతు వచ్చినప్పుడు బ్యాండు మైకు ఆపాలని సౌండ్ సెట్ అతనికి అందరి ముందూ చెప్పారు. అతనూ సరేనన్నాడు.

ఆగస్టు పదిహేను పొద్దున్న చినుకులు పడి ఆగాయి. గ్రౌండు చుట్టూ జనం. ముందు దళాలన్నీ వెళ్ళాక ఆడపిల్లలు బయల్దేరారు. వాళ్ళ బడి గురించి వ్యాఖ్యాత ఆవేశంగా చెప్పడం మొదలుపెట్టాడు, జనం చప్పట్లు కొట్టారు. ఆ హడావిడిలో సౌండ్ అతను మా మైకు ఆపలేదు. గ్రౌండుకి ఆ చివర అతను, ఈ చివర మేము. పిలిచినా వినబడదు. అవతలి నుంచి నా దెబ్బే నాకు తిరిగి వినిపిస్తోంది.

మొదటి వరస అడుగు చెదిరింది. పార్వతి తల కొంచెం పక్కకి వంచింది, ఏది అసలు దెబ్బో వెతుకుతున్నట్టు. రిహార్సల్లో పడిన పిల్ల రెండు చేతులూ ముందుకు చాపేసింది.

పరేడ్‌లో బ్యాండు వాడు తన చోటు వదలకూడదు. నా ఉద్యోగంలో ఎప్పుడూ వదల్లేదు కూడా. ఆ క్షణంలో నేనేమీ ఆలోచించలేదు. దెబ్బ ఆపకుండానే లైనులోంచి బయటికి వచ్చేశాను. వెనక అప్పలస్వామి గారి గొంతు వినిపించింది: "సైడ్ డ్రమ్ము ఆపకండి. వాణ్ణి ఎల్లనివ్వండి."

తడి గడ్డి మీద డ్రమ్ము మోస్తూ పార్వతి పక్కకి చేరాను. నేను మైకుకి దూరం రాగానే స్పీకర్లలో రెండో బేస్ డ్రమ్ము దానంతటదే పోయింది. గ్రౌండు మీద ఒకటే పెద్ద దెబ్బ మిగిలింది, అదీ వాళ్ళ చెవుల పక్కనే. ఎడమ, ఎడమ, ఎడమ. ముందు పార్వతి అడుగు కలిసింది, తర్వాత ఆమె వెనక వరస, ఆ వెనక వరస. చేతులు చాపిన పిల్ల చేతులు దించి ఊపడం మొదలుపెట్టింది.

వేదిక ఎదురుకి వచ్చేశాం. బ్యాండు ఎడమ పక్కన తిన్నగా వినిపిస్తే వేదిక వచ్చినట్టు అని ఆ పిల్ల గుర్తు పెట్టుకుంది. ఇప్పుడు డ్రమ్ము తనతోపాటే నడుస్తోంది కదా. నేను మెల్లగా "వచ్చింది తల్లీ" అన్నాను.

"ఐస్ రైట్!"

అన్ని తలలూ ఒక్కసారి కుడికి తిరిగాయి. వేదిక మీద వాళ్ళు లేచి నిలబడ్డారు. ఆ కళ్ళకి వాళ్ళెవరూ కనబడరు. కానీ వందనంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

పరేడ్ అయ్యాక అధికారి పిలిపించాడు. చోటు వదలడం తప్పేనన్నాడు, నేనూ తప్పేనన్నాను. ఇంకోసారి చెప్పకుండా చెయ్యొద్దన్నాడు. ఆ తర్వాత అప్పలస్వామి గారి వైపు తిరిగి, వచ్చే ఏడాది నుంచి ఆ దళంతో బేస్ డ్రమ్ నడిచేలా ముందే ఏర్పాటు చెయ్యమన్నాడు. రిటైరయ్యేదాకా ప్రతి ఆగస్టు పదిహేనుకీ ఆ బడి పిల్లలతో నడిచాను. పార్వతి వెళ్ళిపోయింది, వేరే లీడర్లు వచ్చారు. ఆ మొదటి పరేడ్ రోజు బస్సెక్కే ముందు ఆమె నాతో ఒకే మాట చెప్పింది.

"సార్, డ్రమ్ముతో పాటు మీ బూటు చప్పుడు కూడా ఇనబడింది. అందుకే భయం వెయ్యలేదు."

ఇప్పుడు చాలాచోట్ల జెండా పండక్కి రికార్డు పెట్టేస్తున్నారు. ఊళ్ళలో ఎర్రకోటు బ్యాండులు కనబడ్డమే తగ్గిపోయింది. పొద్దున్నే ఎక్కడి నుంచైనా స్పీకరులో మార్చ్ వినిపిస్తే నేను వీధి అరుగు మీదికి వచ్చి నిలబడతాను. అందులో ఒక్క స్వరం తప్పు పడదు, దెబ్బ తూచినట్టుంటుంది. కానీ ఎవరి అడుగు తడబడినా అది అలాగే సాగిపోతుంది. అన్నేళ్ళు వేదికవైపు చూస్తూ వాయించిన నాకు, నడిచేవాళ్ళ కాళ్ళు చూస్తూ వాయించాలని ఆ పిల్లలు నేర్పారు.