కుర్చీ మీద ఊది కూర్చోవాలి

మా పక్కింటి మామ్మగారు పోయారు. ఆ ఆదివారం పొద్దున్న బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్తే, కంచె అవతల ఆవిడ ఇంటి కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. బ్లాక్‌టౌన్‌లో జూలై అంటే నడి చలికాలం, ఆ చలి సంగతి ఇక్కడుండే వాళ్ళకి తెలిసిందే, మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తుంది. అంత చలిలో ఆ కిటికీల తెరలు బయటికి ఊగుతున్నాయి. గాలి మాత్రం లేదు. నేను తాడు మీద వేసిన తడి చీర కదలకుండా వేలాడుతోంది.

శనివారాలు అమ్మ దగ్గర పడుకోవడానికి వచ్చే ఆవిడ కూతురు కంచె దగ్గరికి వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మమ్ పోయింది, డియర్. కుర్చీలోనే, నిద్రలో," అంది. తల తిప్పి ఇంటి వైపు చూసి, "కిటికీలు నువ్వొచ్చి తెరిచావా?" అని అడిగింది.

"లేదండీ."

"నేనూ తెరవలేదు."

ఇద్దరం ఆ తెరల వైపే చూస్తూ ఉండిపోయాం. మామ్మగారిది పోలండ్. ఇంట్లో మనిషి పోతే ప్రాణం బయటికి వెళ్ళడానికి దారిగా కిటికీ తెరవడం వాళ్ళ ఆచారమని ఆవిడే నాకు చెప్పారు. తన పని ఇంకొకరి మీద వదిలే మనిషి కాదు ఆవిడ. ముందే లేచి తెరిచిపెట్టుకుని వచ్చి కూర్చున్నారేమో అనుకున్నాను. అలా అనుకుంటేనే నాకు ధైర్యంగా ఉంది.

నేను ఏడో తరగతి దాకే చదివాను. మాది నరసాపురం దగ్గర పల్లె. మేనత్త కొడుకునే చేసుకుని ఈ దేశం వచ్చాను. ఎవరైనా పలకరిస్తే తల దించుకుని చెంగు వేలికి చుట్టుకునే రకం. అలాంటి నేను ఒక పరాయి దేశపు పెద్దావిడ గురించి రాయడానికి కూర్చున్నానంటే, ఆవిడ నాకు ఎంత చేసుంటారో మీరే ఊహించుకోండి.

ఆవిడతో నా పరిచయం ఒక పెద్ద పొరపాటుతో మొదలైంది. నేను వచ్చిన కొత్తలో, మే నెలలో, ఇక్కడ అమ్మల పండగని కొట్లనిండా చామంతులు పెట్టారు. ఊళ్ళో మా అమ్మ గుర్తొచ్చింది. పక్కింట్లో పెద్దావిడ ఒంటరిగా ఉంటున్నారు కదా, ఇద్దామనుకుని తెల్ల చామంతులు కొన్నాను. తాంబూలంలో అరటిపళ్ళు ఇచ్చినట్టు జతలు జతలుగా ఎంచి కట్టాను. తలుపు తీశారు. లోపలికి వెళ్ళడానికి సిగ్గు. గడప బయటే నిలబడి చేయి చాపాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. ఒక అడుగు వెనక్కి వేశారు. నా చేతిలో పూల వైపు, తర్వాత నా వెనక వీధి వైపు, నాతో ఇంకెవరైనా వచ్చారా అన్నట్టు చూశారు. అప్పుడు నా మణికట్టు పట్టుకుని గడప లోపలికి లాగి, పూలు తీసుకుని నవ్వారు. ఆవిడదీ వచ్చీరాని ఇంగ్లీషే, నాదీ అంతే. అయినా ఆవిడ అన్నది మొత్తం అర్థమైంది.

"చామంతులు మా దేశంలో సమాధుల పూలు. జతగా ఇచ్చేది పోయినవాళ్ళకి. గడప మీదుగా ఏదీ ఇవ్వకూడదు. ఒక్క నిమిషంలో నన్ను మూడుసార్లు పాతిపెట్టావు కదే!"

"సారీ ఆంటీ, సారీ..."

"సారీ ఎందుకు? తన సమాధి ఎలా ఉంటుందో ముందే చూసుకునే అదృష్టం ఎంతమందికి ఉంటుంది?" గుత్తిలోంచి ఒక పువ్వు లాగి నా జడలో గుచ్చారు. "ఇదిగో, ఒకటి తగ్గింది. ఇప్పుడివి బతికున్నదాని పూలు. నన్ను ఆంటీ అనకు. మీ ఇంట్లో ముసలావిడని ఏమంటారు?"

అలా మామ్మగారయ్యారు.

గడప విషయం మా వైపూ అంతేనని చెప్తే ఆవిడకి భలే సరదా వేసింది. మరిచిపోయిన వస్తువు కోసం వెనక్కి వస్తే కాసేపు కూర్చుని వెళ్ళాలని ఆవిడ అన్నారు. మేమైతే మంచినీళ్ళు కూడా తాగి వెళ్తామన్నాను. ఆ తర్వాత నేను ఎప్పుడు ఏది మరిచిపోయి వెనక్కి వెళ్ళినా, అక్కడ కుర్చీ, గ్లాసుతో నీళ్ళు సిద్ధంగా ఉండేవి. నేను మరిచిపోతానని ఆవిడకి ముందే ఎలా తెలిసేదో!

కిటికీ పక్కన పేము కుర్చీ ఒకటి ఉండేది, పాతది. మనిషి కూర్చున్నప్పుడు చప్పుడు చేయదు. లేచి వెళ్ళాక, కాసేపటికి, తనంతట తాను కిర్రుమంటుంది. మొదటిసారి విన్నప్పుడు ఉలిక్కిపడ్డాను. "ఇంకా అలవాటు పడలేదా?" అన్నారు మామ్మగారు. నన్నే అడిగారనుకున్నాను. ఆవిడ చూస్తున్నది కుర్చీ వైపు.

పోయిన డిసెంబరులో, క్రిస్మస్ ముందురోజు సాయంత్రం, మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఆ రోజు వాళ్ళు మాంసం ముట్టరట. దుంపకూర పెట్టిన కజ్జికాయల్లాంటివి, బీట్‌రూట్ చారు చేశారు. ఆకాశంలో తొలి చుక్క కనపడే దాకా ముద్ద ముట్టకూడదు. ఇక్కడ ఎండాకాలం, ఎంతకీ పొద్దుగుంకదు. మా బావకి ఆకలి.

"మామ్మా, ఫోన్‌లో స్టార్ చూపిస్తాను, ఓకేనా?"

"నీ ఫోన్‌లో చుక్కని చూసి మా వాళ్ళు రారు."

"ఎవరు మీ వాళ్ళు?"

ఆవిడ బల్ల వైపు చూపించారు. మేం నలుగురం. పళ్ళేలు ఐదు. ఐదోది, పేము కుర్చీ ముందున్నది, అనుకోకుండా వచ్చే అతిథి కోసమట. చుక్క పొడిచాక కూర్చోబోతుంటే ఆపారు. ఆ సాయంత్రం పోయినవాళ్ళు వచ్చి ముందే కూర్చుని ఉంటారు, ఊదకుండా కూర్చుంటే వాళ్ళ మీద కూర్చున్నట్టే, కుర్చీ మీద మెల్లగా ఊది అప్పుడు కూర్చోవాలి అన్నారు. "మమ్, నాట్ అగైన్!" అంటూనే కూతురు ఊదింది. మా బావ పుట్టినరోజు కొవ్వొత్తి ఆర్పినట్టు ఉఫ్ఫుమని ఊదాడు.

"మెల్లగా అబ్బాయ్, వాళ్ళకి జలుబు చేస్తుంది," అన్నారు మామ్మగారు.

అందరం నవ్వాం. చారు సగం తాగాక పేము కుర్చీ కిర్రుమంది. అప్పటిదాకా దాంట్లో ఎవరూ కూర్చోలేదు. "పాత పేము అంతే," అని కూతురు గబగబా అనేసి రొట్టె అందించింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఈ ఏడాది మార్చిలో మా బావ ఒక కబురు తెచ్చాడు. కంపెనీ వాళ్ళు పోలండ్ ఆఫీసుకి పంపిస్తారట, మూడేళ్ళు. ఈ ఊళ్ళో కూరగాయల కొట్టుకి ఒక్కదాన్నే వెళ్ళడం నేర్చుకునేసరికే తల ప్రాణం తోకకి వచ్చింది. మళ్ళీ ఇంకో దేశం, ఇంకో భాష.

"నేను అమ్మ దగ్గరికి పోతాను బావా. నువ్వెళ్ళిరా."

"త్రీ ఇయర్సే! నువ్వొకచోట, నేనొకచోట... అది కాపురమేంటే? నువ్వు ఎస్ అంటేనే నేను వాళ్ళకి ఎస్ చెప్తాను. లేకపోతే నో అంటాను. నో అంటే ఇక్కడి జాబ్ కూడా డౌటే."

అలా భారమంతా నా మీద పడింది. మామ్మగారికి చెప్పుకుని ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. "రేపు పొద్దున్న రా. చెప్పులు బయట విప్పి రా," అన్నారు.

మర్నాటి నుంచి ఆవిడ ఇల్లే పోలండ్ అయింది. గుమ్మం దగ్గర అతిథుల కోసం మెత్తటి చెప్పులు వరసగా పెట్టారు. హాలు కొట్టు, వరండా అపార్టుమెంటు మెట్లు, బట్టలుతికే గది డాక్టరు ఆసుపత్రి. ఎక్కడికి వెళ్ళినా లోపలున్న వాళ్ళందరికీ వినపడేలా "జేన్ దోబ్రి" అనాలి, అంటే శుభదినం అని. వచ్చేటప్పుడు సెలవు తీసుకోవాలి. ఆదివారం చాలా కొట్లు మూసేస్తారు, శనివారమే కొనుక్కోవాలి. పూలు బేసిగా తీసుకెళ్ళాలి. నా గొంతు పెగలకపోతే మళ్ళీ బయటికి పంపి మళ్ళీ రమ్మనేవారు. మా బావ వెక్కిరించేవాడు, "నువ్వు రోజూ కంచె దాటి పోలండ్ వెళ్ళొచ్చేస్తున్నావు కదే, ఇంక ఫ్లైట్ టికెట్ నాకొక్కడికే తీస్తాను!"

ఒక మధ్యాహ్నం ఆసుపత్రి పాఠం. ఆ గదిలో గోడ పక్కన ఖాళీ స్టూళ్ళు వేసి ఉన్నాయి. అక్కడ చీటీ అడక్కుండా, లోపలికి రాగానే "చివర ఎవరున్నారు?" అని అందరినీ అడగాలట. చేయెత్తిన మనిషి తర్వాత మన వంతు. ఖాళీ స్టూళ్ళని అడగడానికి నాకు నవ్వొచ్చింది.

"ఎవరూ లేరు కదా మామ్మగారూ?"

"లేరని నీకెలా తెలుసు? అడుగు."

అడిగాను. మామ్మగారు వెళ్ళి ఆఖరి స్టూలు మీద కూర్చుని, మెల్లగా చేయెత్తారు. "నేను. నా తర్వాత నువ్వు." ఆ గదిలో ఒక్కసారిగా చల్లగా అనిపించింది. నా ముఖం చూసి ఆవిడే అన్నారు, "భయపడకు. నీ వంతు రావడానికి చాలా ఆలస్యం అవుతుంది. నాదే దగ్గరకొచ్చింది."

ఆ రోజే అడిగాను, అంత ఇష్టమైన దేశం వదిలి ఇక్కడెందుకున్నారని. అప్పుడు చెప్పారు. భర్త పోయాక ఈ ఇల్లు అద్దెకిచ్చి, ఇక తిరిగి రానని తన ఊరు వెళ్ళిపోయారట. చెల్లెల్ని ఆశ్చర్యపరచాలని చెప్పకుండా సరిగ్గా క్రిస్మస్ ముందురోజు సాయంత్రానికే వెళ్ళారు.

"అరుపులు, కౌగిలింతలు, ఏడుపులు. అంతా అయ్యాక చూస్తే, నేను కూర్చోవడానికి ఖాళీ పళ్ళెం ముందు చోటొక్కటే ఉంది. కూర్చున్నాను. మా చెల్లెలు చారు తీసుకుని వచ్చింది. వచ్చి, అలవాటు ప్రకారం నా కుర్చీ మీద ఊదింది. నేను దాంట్లో ఉన్నాను. నా జుట్టు కదిలింది."

నేను నాకు తెలియకుండానే నా జుట్టు సర్దుకున్నాను.

"వెంటనే సారీ చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. కానీ అప్పుడు తెలిసింది, వాళ్ళు నన్ను ఎప్పుడో పోయినవాళ్ళలో కలిపేసుకున్నారు. కొట్టులో అమ్మాయి, మా భాష ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారు అని అడిగింది. మా పాత అపార్టుమెంటు మెట్ల మీద కుర్రవాళ్ళకి జేన్ దోబ్రి అంటే చెవుల్లో వైర్లు పెట్టుకుని పక్కనుంచి వెళ్ళిపోయారు. నేను పలికానో లేదో నాకే అనుమానం వచ్చేది. మంచు తగ్గగానే వచ్చేశాను."

"మరి నన్నెందుకు వెళ్ళమంటున్నారు?"

"నువ్వు బతికుండగా వెళ్తున్నావు కనుక. నేను జ్ఞాపకంగా వెళ్ళాను. అక్కడ ఎవరో ఖాళీగా ఉంచిన చోట కూర్చోకు. వెళ్ళిన రోజే నీ బల్ల వేసుకో, నీ పళ్ళెం పెట్టుకో. ఇంకొక పళ్ళెం కూడా పెట్టు. ఎవరో ఒకరు వస్తారు."

"అక్కడ నాకెవరొస్తారు మామ్మగారూ?"

ఆవిడ నా తల నిమిరి, "చూద్దాం," అన్నారు.

తర్వాత రెండు వారాలకే ఆ కిటికీలు తెరుచుకున్నాయి.

ఖననానికి అందరూ పెద్ద పెద్ద గుత్తులు తెచ్చారు. నేను ఒకే ఒక తెల్ల చామంతి పట్టుకెళ్ళాను. ఆ రోజు గుత్తిలోంచి లాగి నా జడలో పెట్టారు కదా, దాని బదులు. ఇప్పుడు లెక్క జత అయింది. మట్టి మీద పెట్టి "జేన్ దోబ్రి" అన్నాను. నా గొంతు అందరికీ వినపడింది. జీవితంలో మొదటిసారి తల దించుకోలేదు.

ఇల్లు ఖాళీ చేస్తూ కూతురు పేము కుర్చీ మా ఇంటికి పంపింది. "మమ్ నీకే ఇమ్మంది. నాకైతే అదంటే భయం," అని నిజం చెప్పేసింది.

మొన్న శుక్రవారం మా బావ కంపెనీకి జవాబు చెప్పాల్సిన రోజు. సాయంత్రం ఇంటికొచ్చాడు, రాత్రిలోగా మెయిల్ పెట్టాలి. నేను అన్నం వడ్డించి, మా ఇద్దరి పళ్ళేలు పెట్టాను. మూడోది కూడా పెట్టాను.

"వెళ్దాం బావా," అన్నాను.

మా బావ నా వైపు తిరిగాడు. "నిజంగానే? ఏడవకుండానే చెప్తున్నావేంటే!" అని నవ్వబోయి, మూడో పళ్ళెం చూసి ఆగిపోయాడు. "అదెవరికి?"

నేను దాని పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టాను. బావ చేయి కడుక్కుని వచ్చి, దగ్గరగా ఉందని పేము కుర్చీ వెనక్కి లాగాడు. కూర్చోబోయి తనే ఆగి, వంగి, పసిపిల్ల కంట్లో నలుసు పడితే ఊదినట్టు మెల్లగా ఊదాడు.

కుర్చీ కిర్రుమంది, ఎవరో చోటిస్తూ లేచినట్టు.

ఇద్దరం నిలబడే ఉన్నాం. అన్నం మీంచి ఆవిరి కిటికీ వైపు తేలిపోతోంది. కిటికీ ఎప్పుడు తెరిచానో నాకు గుర్తు లేదు.