తాళంచెవిని గుర్తుపట్టని కారు

మొన్న శుక్రవారం మా డ్రైవింగ్ స్కూల్ కారులో ఏసీ పనిచేయక ఆటోనగర్ ఉస్తాద్ గారికి ఫోన్ చేశాను. వాళ్ల అమ్మాయి ఎత్తింది. "నాన్నగారు పోయి నాలుగు రోజులైందండీ" అంది. కార్లలో వైరింగ్ పని చేసే మనిషి గురించి పేపర్లో ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

సింగ్ నగర్‌లో ఆడవాళ్లకు కారు నేర్పడం నా పని. ఉన్నది ఒక్కటే కారు. కొన్నేళ్ల కిందట వచ్చిన వరదకు అది స్టీరింగ్ దాకా మునిగింది. నీళ్లు తీశాక, ఇంజను కంప్యూటర్ పాడైందని ఒక గ్యారేజీలో వేరే బండిది తెచ్చి బిగించారు. అప్పటినుంచి తాళం తిప్పితే ఇంజను అందుకునేది, రెండు సెకన్లలో ఆగిపోయేది. పెట్రోలు పంపు మార్చారు, ప్లగ్గులు మార్చారు. నెలన్నర గడిచింది. నేర్చుకునేవాళ్లు ఒక్కొక్కరే వేరే స్కూళ్లకు వెళ్లిపోయారు. ఇంకో నెల ఇలాగే ఉంటే నా బోర్డు పీకేసుకోవడమే.

చివరికి బండి లాగించుకుని ఉస్తాద్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన బానెట్ ఎత్తలేదు. చేతులు తుడుచుకుని, సీట్లో కూర్చుని, తాళం సగం తిప్పి, మీటర్ల వైపు చూస్తూ ఉండిపోయారు. నాకు ఒళ్లు మండింది.

"ఏంటండీ అలా చూస్తారు, విప్పండి!"

"విప్పడానికేముందమ్మా, ఐదు నిమిషాలు. ముందు చూడాలి."

తాళంచెవి బొమ్మ ఉన్న చిన్న ఎర్ర లైటు టపటపా కొట్టుకుంటోంది. దాన్ని చూపించారు.

"ఇంజన్‌కేం రోగం లేదు. దొంగలెత్తుకుపోకుండా మీ తాళంలో ఒక గుర్తు ఉంటుందమ్మా. అది పాత కంప్యూటర్‌కి తెలుసు, దీనికి తెలీదు. అపార్ట్‌మెంటుకి కొత్త వాచ్‌మన్ వస్తే ఓనర్నే గేటు దగ్గర ఆపుతాడు చూడండి, అలాగ. ఆ పాత కంప్యూటర్ డబ్బా ఇప్పించండి, అందులో గుర్తు తీసి దీన్లో పెడతా."

"అది గ్యారేజీవాళ్లే ఉంచేసుకున్నారు" అన్నాను ధీమాగా. ఆయనే స్కూటర్ మీద వెళ్లారు. గంటకి తిరిగొచ్చి, "అక్కడ లేదమ్మా. ఇంట్లో ఒకసారి చూడండి" అన్నారు. నాకు తిక్క రేగింది. చుట్టుపక్కల షాపులవాళ్లంతా వింటుండగా, "మీరంతా ఒకటే! చేతకాకపోతే చేతకాదని చెప్పండి, నన్నెందుకు తిప్పుతారు?" అని అరిచేశాను. ఆయన తనకొచ్చిన టీలో సగం ఇంకో గ్లాసులో పోసి నా ముందు పెట్టారు. నేను తాగకుండా లేచొచ్చాను.

ఆ సాయంత్రం, బురద పట్టిన సామాన్ల సంచిలో ఆ డబ్బా దొరికింది. గ్యారేజీవాళ్లు నా చేతికే ఇచ్చారు. పనికిరాదని నేనే అందులో పడేసి మర్చిపోయాను. మర్నాడు తీసుకెళ్లి, తలెత్తకుండా ఆయన బల్ల మీద పెట్టాను. ఎక్కడ దొరికిందని ఆయన అడగలేదు. పళ్లు తోముకునే బ్రష్షుతో బురద వదిలించి, బల్బు కింద ఆరబెట్టి, మినపగింజంత చిప్‌ని ఊడదీశారు. అందులో ఉన్నదంతా చదివించి కొత్తదాంట్లోకి ఎక్కించారు. ఎర్ర లైటు ఆరిపోయింది.

"మీరే తిప్పండమ్మా" అన్నారు.

తిప్పాను. రెండు సెకన్లు దాటాయి. పది దాటాయి. ఇంజను ఆగలేదు. నాకు ఏడుపొచ్చేసింది. ఆయన అటు తిరిగి వైరు చుట్టుకుంటూ కూర్చున్నారు.

ఆ తర్వాత ఏటా మామిడికాయలు పంపేదాన్ని, రంజాన్‌కి వాళ్లింటి నుంచి సేమ్యా వచ్చేది. నా దగ్గర నేర్చుకున్న ప్రతి మనిషికీ ఆయన పేరు చెప్పాను. తప్పయిపోయిందన్న ఒక్క మాట మాత్రం ఆయనతో చెప్పలేదు. సిగ్గనండి, పొగరనండి, ఎప్పటికప్పుడు మళ్లీ వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నాను.

నిన్న వన్‌టౌన్‌లో వాళ్లింటికి వెళ్లి, వాళ్లమ్మాయికి ఆ మాట చెప్పాను. "ఆ రోజు ఆ డబ్బా నా దగ్గరే ఉందమ్మా, తెలీక నాన్నగారిని పదిమందిలో అన్నాను."

"ఆయనకి ఆ రోజే తెలుసండీ" అంది. "మేడం చేతికే ఇచ్చాం, సంతకం కూడా పెట్టారని గ్యారేజీలో కాయితం చూపించారంట. మరి ఆవిడ అరుస్తుంటే ఎందుకు చెప్పలేదు నాన్నా అంటే, అంతమందిలో చెబితే ఆవిడ చిన్నబోదూ, ఇంటికెళ్తే ఎలాగూ దొరుకుతుందిలే అన్నారు."

బయటికొచ్చి కారెక్కాను. తాళం తిప్పాను. ఆ ఇరుకు సందులో ఇంజను తిరుగుతూనే ఉంది. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. గేరు వేయడానికి నాకు చెయ్యి రాలేదు.