పక్క సీటు పెద్దాయనకు చదివిన పేజీ

డిగ్రీ అయ్యాక ఎం.ఏ.కు నాకు ఖమ్మంలోనూ హైదరాబాద్‌లోనూ సీటు వచ్చింది. ఎక్కడ చేరేదీ ఆ సాయంత్రంలోగా చెప్పాలి. భద్రాచలంలో దుమ్ముగూడెం బస్సెక్కి, ఫోన్‌లో అమ్మతో హాస్టళ్ల గురించీ ఉద్యోగాల గురించీ మాట్లాడి పెట్టేశాను.

పక్క సీటు పెద్దాయన విన్నట్టున్నాడు. "మా పిల్ల గూడ హైదరాబాద్‌లనే ఎమ్మే చదివింది బిడ్డా," అన్నాడు.

"ఇప్పుడేం చేస్తుంది పెద్దయ్యా?"

"లేదు. పోయిన నెల జ్వరమొచ్చి సచ్చిపోయింది. హాస్టల్‌ల సామాన్లు తీస్కొని వస్తున్న."

సంచిలోంచి అట్ట వేసిన పుస్తకం తీశాడు. చదువు చివర్లో ఆ అమ్మాయి రాసిన ప్రాజెక్టు అది. అట్ట మీద నాకు సీటొచ్చిన హైదరాబాద్ యూనివర్సిటీ పేరే ఉంది. "నాకు చదువు రాదు. జర చదివి పెడతవా?"

అక్షరాలు తెలుగువే, మాటలు కోయభాషవి. కోయ ఊళ్ల మధ్యే పెరిగినా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కూడబలుక్కుంటూ ఒక పేజీ చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"మా అమ్మ చెప్పిన మాటలే. పిల్ల పక్కన కూసోని రాసుకుంటుంటే పనిలేదా అని కసిరిన. గంత దూరమెందుకు, ఖమ్మంల చదువుకోవే అన్న. మన భాష తెలిసిన సార్లు ఆడనే ఉన్నరన్నది."

ఆయన దిగే చోటు వచ్చింది. "ఇంకా ఎన్ని పేజీలున్నయి బిడ్డా?"

"చానా ఉన్నయి పెద్దయ్యా."

"అవ్," అని పుస్తకం సంచిలో పెట్టుకుని దిగిపోయాడు.

సాయంత్రం హైదరాబాద్ అని చెప్పాను. చేరిన మొదటి వారమే ఆ సార్ల గది వెతుక్కుంటూ వెళ్లాను. కోయభాష వచ్చా అని అడిగారు. పైకి చదవగలను గానీ అర్థం కాదన్నాను.