మస్తాన్ తప్పు వెతుకుతూ నార్సింగి దాకా

కర్నూలు బస్టాండులో ఉదయం ఐదున్నరకు హైదరాబాదు బస్సెక్కేటప్పుడు నా చేతిలో రెండు సంచులున్నాయి. ఒకదానిలో తువ్వాలు, నీళ్ల సీసా, దువ్వెన. రెండోదానిలో పాత చీర ముక్కలో చుట్టిన నా మోటారు సైకిల్ సిలిండరు, దాని లోపల బిగుసుకుపోయిన పిస్టను. టికెట్టు మూడు వందల ఎనభై. రెండో శనివారం, బడికి సెలవు. కిటికీ పక్క సీటు దొరికింది.

ఎందుకు బయల్దేరానో ముందే చెప్పేస్తాను. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇరవై ఏళ్లుగా ఒక పాత టూ స్ట్రోక్ బండి నడుపుతున్నాను. ఈ ఏడాది దానికి కొత్త పిస్టను వేసి, సిలిండరు లోపలి గోడను నున్నగా చెక్కి ఇచ్చినవాడు మా పేట మెకానిక్ మస్తాన్. ఆ చెక్కడాన్నే బోరు పట్టడమంటారు. మూడు వారాలకు నంద్యాల రోడ్డులో ఇంజను పట్టేసి బండి ఆగిపోయింది. ఆ సాయంత్రం టీ వేళ, షాపు ముందు పదిమంది ఉండగా, "నీకు చూపు తగ్గింది మస్తాన్, ఇంక ఈ పని మానుకో" అనేశాను. అరవై దాటిన మనిషి. "నా చేతి తప్పు కాదు టీచరమ్మా" అని ఊరుకున్నాడు. నా మాట మాత్రం ఊరుకోలేదు. మా బడిలోనే నలుగురు తమ స్కూటర్లను వేరే షాపుకు మార్చారు.

ఒక్క సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆ మూడు వారాల మధ్యలో ఒక ఆదివారం, ఫోనులో వీడియోలు చూసి, ఇంజను నేనూ విప్పాను. మసి తుడిచి మళ్లీ బిగించాను. తుడిస్తే ఏమవుతుందిలే అని నా ధైర్యం. అయినా అది ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. హైదరాబాదు పక్కన నార్సింగిలో ఆడవాళ్లే నడిపే మోటారు సైకిల్ షెడ్డు ఒకటుందని తెలిసి, మస్తాన్ తప్పేనని అక్కడ తేల్చుకుని వద్దామని బయల్దేరాను. బండి బాగుచేయించుకోవడం పైకి చెప్పిన కారణం.

ఎనిమిదింటికి జడ్చర్ల దగ్గర బస్సు ఆగింది. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ నీళ్లగా ఉంది, నలభై రూపాయలు. పక్క సీటు కుర్రాడు, మాదాపూర్‌లో ఉద్యోగమట, నా సంచి బరువు చూసి ఇంత మోసే బదులు కొత్త స్కూటీ కొనుక్కోవచ్చు కదా మేడం అన్నాడు. పన్ను నొప్పెడితే తల మార్చుకుంటామా నాయనా అన్నాను. ఆ తర్వాత అతను ఆరాంఘర్ దాకా చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తియ్యలేదు.

తొమ్మిదిన్నరకు ఆరాంఘర్ చౌరస్తాలో దిగాను. సామాను ఎక్కువుంటే అక్కడి నుంచి నేరుగా కారు మాట్లాడుకోవడం మేలు. నేను షేర్ ఆటోలో మెహిదీపట్నం వెళ్లి నార్సింగి సిటీబస్సు పట్టుకున్నాను. కండక్టరమ్మ ఆధార్ కార్డు చూసి నవ్వింది. "కర్నూలుదా? ఈడ ఫ్రీ తెలంగాణోళ్లకే మేడం, టికెట్ తీస్కోవాలె." ముప్పై రూపాయలిచ్చాను. లంగర్‌హౌస్ దాటేదాకా నిలబడే ఉన్నాను, తర్వాత ఒకావిడ జరిగి చోటిచ్చింది.

పదిన్నరకు నార్సింగి. మెడ విరిగేలా చూడాల్సిన భవనాలు, వాటి కాళ్ల దగ్గర సిమెంటు లారీలు, గేదెలు. సర్వీసు రోడ్డు పక్కన నీలం రేకుల షెడ్డు, లోపల ఏడెనిమిది బండ్లు. షెడ్డు సరితది. నార్సింగిలోనే పుట్టిన మనిషి, ముప్పై ఐదుంటాయి. చేతులకు గ్రీజు, చెవులకు పెద్ద బుట్టకమ్మలు. మరో మూల భార్గవి అనే అమ్మాయి ఒక బండికి వైర్లు కలుపుతోంది. భీమవరం పిల్ల, కోకాపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవు రోజుల్లో ఇక్కడ తన బండి తానే కట్టుకుంటోంది. చట్రమూ ఇంజనూ పాతవి, మిగిలినదంతా ఏడాదిగా తన చేతి పని.

సరిత నా మూట విప్పలేదు. ముందు ఒకటే ప్రశ్న.

"ఆఖరికి దీన్ని ఎవరు ఇప్పిన్రు అక్కా?"

ఆ షెడ్డులో ఎవరు వచ్చినా మొదట అడిగేది అదేనట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగనివన్నీ చెప్పాను. మస్తానే వేశాడని, చూపు తగ్గిందని, పట్టేశాక పక్క వీధి మెకానిక్ దీన్ని అలాగే ఊడదీసి ఇచ్చాడని. నా ఆదివారం సంగతి చెప్పలేదు.

ఇక్కడ ఎవరి బండి మురికి వాళ్లే కడుక్కోవాలని ఇంకో పద్ధతి. సరిత నాకు కిరోసిన్ పళ్లెం, బ్రష్షు ఇచ్చి పీట వేసింది. పావుగంట రుద్దాను. పిస్టను నెత్తి మీద నల్లటి మసి కరిగి, చిన్న బాణం గుర్తు బయటపడింది. భార్గవి వంగి చూసింది.

"అయ్యో, బాణం వెనక్కి ఉందండి."

ఆ బాణం ఎప్పుడూ ముందుకు, సైలెన్సర్ వైపు ఉండాలట. తిరగేసి బిగిస్తే పిస్టను చుట్టూ ఉండే రింగు కొసలు సిలిండరు గోడలోని రంధ్రానికి తగులుకుని విరుగుతాయట. విరిగిన ముక్కే గోడను గీరి ఇంజనును పట్టేసిందని ఓపిగ్గా చెప్పింది. ఇది బిగించినవాళ్ల తప్పేనండి, అనుమానం లేదు అంది. నేను కోరి వచ్చిన మాట అదే. పదకొండున్నరకల్లా నా చేతికొచ్చేసింది. సంతోషమే కలిగింది, దాచుకోను.

సరిత చెక్కముక్క ఆనించి, మెల్లగా కొట్టి పిస్టను బయటికి తీసింది. ఒక పక్క లోతైన గీరలు. మిగతా గోడ మీద బోరు పట్టినప్పుడు పడిన సన్నటి గీతలు, వల అల్లినట్టు, అంతా ఒకే తీరుగా. సరిత దానిమీద మళ్లీ మళ్లీ వేలు తిప్పింది.

"బోరు మాత్రం బంగారం లెక్క పట్టిండు. గింత మంచిగ పని చేసినాయన బాణం ఎట్ల తప్పిండో నాకు సమజైత లేదు."

ఒంటిగంటకు వాళ్లతోపాటే తిన్నాను. జొన్నరొట్టె, పచ్చిపులుసు, భార్గవి తెచ్చిన పెరుగన్నం. రొట్టె మా ఊరి రొట్టెలాగే ఉంది, అయినా సరిత మాట గుర్తొచ్చి సగంలోనే లేచాను. చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లి ఫోను తీశాను. విప్పే ముందు ఫోటో తీసుకోవాలని వీడియోలో చెప్పారు, తీసుకున్నాను. వెతికితే దొరికింది. పిస్టను నెత్తిన పలచటి మసిలోంచి బాణం నా ఎడమచేతి వైపు చూస్తోంది. ఫోటో అంచున హెడ్‌లైటు కూడా ఎడమవైపే ఉంది. అంటే బాణం ముందుకే ఉంది. మస్తాన్ సరిగ్గానే పెట్టాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఆదివారం పొద్దున బండికి ఎడమ పక్క కూర్చుని పిస్టను ఊడదీశాను. మసి తుడిచేసరికి మధ్యాహ్నమై, అక్కడ ఎండ పడింది. పీట ఎత్తుకుని నీడ కోసం కుడి పక్కకు వెళ్లాను. ఫోటో చూసుకుంటూ బాణాన్ని మళ్లీ నా ఎడమచేతి వైపే పెట్టి బిగించాను. ఇటు కూర్చుంటే ఎడమచేతి వైపు బండి వెనక భాగం వస్తుంది. ఇరవై ఏళ్లుగా పిల్లలకు జ్యామితి చెప్తున్నదాన్ని. ఆడలేక మద్దెల ఓడన్నానన్నమాట, అదీ పదిమందిలో.

చెప్పకుండా వెళ్లిపోవచ్చు. మస్తాన్ తప్పని రుజువుగా ఆ పిస్టను ఉంది, ఫోటో చెరిపేస్తే సరి. ఆ ఆలోచనతో ఐదు నిమిషాలు అక్కడే నిలబడ్డాను. తర్వాత లోపలికి వెళ్లి ఫోను సరిత చేతిలో పెట్టాను. ఎండ సంగతి, పీట సంగతి, ఎవరికీ చెప్పకపోవడం, టీ వేళ అన్న మాట, అన్నీ చెప్పాను. భార్గవి, తాను మొదటిసారి బిగించినప్పుడు క్లచ్ ప్లేట్లు తిరగేసి పెట్టానండి అని నన్ను ఓదార్చబోయింది. సరిత ఓదార్చలేదు. సిలిండరును చీర ముక్కలో చుట్టి నాకే ఇచ్చింది.

"గిది నేను చెయ్యనక్కా. మేం బోరుకు బయటి షాపుకు పంపుతం, గింత సాఫ్ రాదు. ఆయనకే ఇయ్యి."

కూలి తీసుకోలేదు. రెండున్నరకు భార్గవి నన్ను గచ్చిబౌలిలో దింపుతానంది, తాళం మాత్రం నా చేతికిచ్చింది. ఆమె కట్టిన బండి, నేను నడిపాను, ఆమె వెనక కూర్చుంది. కోకాపేట అద్దాల మేడల పక్కగా సర్వీసు రోడ్డు మీద బండి తడబడకుండా సాగింది. గేరు మార్చిన ప్రతిసారీ వెనక నుంచి ఎలా ఉందండి అని అడుగుతూనే ఉంది. బాగుంది, చాలా బాగుంది అన్నాను. నిజంగానే బాగుంది.

గచ్చిబౌలిలో మూడుంబావుకు కర్నూలు బస్సు దొరికింది. ఆ షెడ్డుకు వెళ్లదలచినవాళ్లు పదిలోపే చేరుకోండి, పాత చీర కట్టుకోండి, మొదటి ప్రశ్నకు నిజం చెప్పండి. ఆడవాళ్లు బండ్లు బాగుచేయడం చూసి ఆశ్చర్యపోతానేమో అనుకున్నాను. చేసిన పనిని చూసి, చేసిన మనిషిని గౌరవించడం ఎలాగో చూసి వచ్చాను. మస్తాన్‌ను ఎన్నడూ చూడని మనిషి అతని చేతిని ఒక్క వేలితో గుర్తుపట్టింది. ఇరవై ఏళ్లు అతని షాపుకు తిరిగినదాన్ని నేను గుర్తుపట్టలేదు.

జడ్చర్ల దాటాక మస్తాన్‌కు ఫోను చేశాను. పక్క సీటావిడ పల్లీలు నమలడం ఆపి వింటున్నా, మొత్తం చెప్పాను. రేపు వచ్చి క్షమాపణ అడుగుతాను, పొద్దున తొమ్మిదింటికి షాపు తెరవగానే వస్తాను అన్నాను.

"పొద్దున వద్దు టీచరమ్మా, ఎవరూ ఉండరు. సాయంత్రం ఐదింటికి రా. ఆ దినం ఉండినోళ్లంతా టీకి వస్తారు."

మస్తాన్ గొంతులో కోపం లేదు. వస్తానన్నాను.