మా బావ నడుమునొప్పి రాకపోకలు

మా బావకు నడుమునొప్పి పట్టుకున్న ఏడు నెలల్లో నేను ఆయనకు మూడు పరుపులు అమ్మాను. ఈ మాట ముందు నేనే చెప్పేయడం మంచిది. మా అక్క చెబితే ఇంకోలా ఉంటుంది.

నాది పరుపుల దుకాణం. మా అక్క మొగుడు బస్సు డిపోలో టైమ్ కీపర్. డిపో గేటు పక్కన, కాళ్ళు చాపుకుంటే తలుపుకు తగిలేంత గదిలో, గోడగడియారం కింద కూర్చుంటాడు. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరాలి, ఎన్నింటికి బయల్దేరింది, ఆలస్యమైతే ఎందుకైంది అన్నది రిజిస్టర్లో రాస్తాడు. రిజిస్టరంటే రోజుకో పెద్ద కాగితం. ఏడాదికోసారి అన్నీ కలిపి కుట్టిస్తారు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. డిపోలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాడు లేడు. అందరికీ ఆయన 'గడియారం'.

ఆ కాగితంలో చివరి గడి పేరు 'కారణం'. ఆ గడంటే మా బావకు ప్రాణం. డ్రైవరు వచ్చి "టైరు చూసుకున్నానండీ" అంటే అలాగే రాసుకునేవాడు. రాసుకుని, అతని కళ్ళెదుటే ఎర్ర పెన్నుతో దాని మీద గీత కొట్టి, పక్కన 'టీ' అని రాసేవాడు. 'ట్రాఫిక్' కొట్టేసి 'నిద్ర'. 'తలనొప్పి' కొట్టేసి 'భార్యతో ఫోను'. ఎలా కనిపెట్టేవాడో గాని నూటికి తొంభై నిజమయ్యేవి. ఇంట్లోనూ ఇదే వరస. ఓసారి సినిమాకు పావుగంట ఆలస్యమైతే, అందుకు కారణం చీర ఎంపికేనని మా అక్క తన నోటితో ఒప్పుకునేదాకా ఆయన హాల్లోకి అడుగు పెట్టలేదు. దాంతో సగం సినిమా పోయింది. ఇలాంటి మనిషికి స్నేహితులు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి. ఒక్కడున్నాడు.

అతను డ్రైవరు. పేరు 'నిదానం'. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో బస్సు మీద చిన్న గీత పడనివ్వలేదు. "కాస్త తొక్కవయ్యా" అని ప్రయాణికులు విసుక్కుంటే "దిగి నడవండి, ముందే చేరతారు" అనేవాడు. ఆలస్యమైతే కిటికీ దగ్గరికొచ్చి "నాదే తప్పు, రాసుకో" అనేవాడు. డిపో మొత్తంలో ఎర్ర గీత పడని కారణాలు అతనివే.

ఒకరోజు పొద్దున 7.10 బస్సు నిదానానిది. సరిగ్గా బయల్దేరబోతుంటే మేనేజరు ఫోను చేసి "ఆ బండి ఆపు, మా అత్తగారు వస్తున్నారు" అన్నాడు. అత్తగారు రెండు సంచులతో, ఓ పూలకుండీతో తాపీగా వచ్చి, మూడు సీట్లు మారి, కుండీకి ఎండ తగిలే కిటికీ చూసుకుని కూర్చునేసరికి 7.35. మా బావ ఉన్నది ఉన్నట్టు రాశాడు. బయల్దేరింది 7.35. కారణం: మేనేజరు గారి అత్తగారు. ఎర్ర పెన్ను అవసరం రాలేదు.

ఆ బస్సులో ఉద్యోగ పరీక్ష రాయాల్సినవాళ్ళు పదకొండు మంది ఉన్నారు. పరీక్ష గేటు మూశాక చేరారు. ఫిర్యాదు హెడ్డాఫీసుకు వెళ్ళింది. మర్నాడు మేనేజరు మా బావను గదికి పిలిచి, టీ ఇచ్చి, "నిన్నటి కాగితం మీద టీ ఒలికిందట, సాఫుగా ఇంకోటి రాసెయ్" అన్నాడు. మా బావ కాగితం తిప్పి చూసి, ఏమీ ఒలకలేదన్నాడు. మేనేజరు తన కప్పు కాస్త వంచి ఆ లోటు తీర్చాడు. "బదిలీల లిస్టు నా బల్ల మీదే ఉంది. నీ పేరు ఇంకా రాయలేదు" అని కూడా చెప్పాడు.

మా బావ కొత్త కాగితం రాశాడు. బయల్దేరింది 7.10. కారణం గడి ఖాళీ. డిపోలో పోని ఇరవై ఐదు నిమిషాలు దారిలో పోయినట్టేగా. దారిలో పోతే పోగొట్టింది డ్రైవరేగా. పైగా అతని పేరే నిదానం, వేరే సాక్ష్యం ఎందుకు? అతన్ని సస్పెండ్ చేశారు. తొందరపడి తేల్చకూడదని, విచారణకు ఏడు నెలల తర్వాతి తేదీ వేశారు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసింది నడుమునొప్పి ఒక్కటే.

అది అయిదో రోజున వచ్చింది. బూటు లేసు కట్టుకోవడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించాడు, స్కాన్ తీయించాడు, దీపం ముందు పెట్టి చూసి "కొంచెం అరుగుదల ఉంది" అన్నాడు. మా బావ ప్రాణం లేచివచ్చింది. "ఈ వయసుకి అందరికీ ఉంటుంది, నాకూ ఉంది" అన్నాడు డాక్టరు. "మరి మీకు నొప్పి లేదా?" అని మా బావ. లేదట. అయినా బెల్టు రాసిచ్చాడు. పక్కింటాయన నూనె ఇచ్చాడు. ఎదురింటావిడ ఆ నూనె మంచిది కాదని ఇంకో నూనె ఇచ్చింది. ఇక నేను. మెత్తటి పరుపే నడుముకు శత్రువని గట్టిది అమ్మాను. నెల తిరక్కుండా, గట్టిదే శత్రువని మెత్తటిది అమ్మాను. తర్వాత అటూ ఇటూ కానిది అమ్మాను. సొంత బావ కదా, నా దగ్గరున్న జ్ఞానమంతా ఇచ్చాను.

పరుపు తెచ్చిన ప్రతిసారీ ఒక వింత జరిగేది. నీళ్ళ బకెట్ ఎత్తలేని మనిషి మమ్మల్ని గది బయటికి పంపి, తలుపు వేసుకుని, పాత పరుపు తనే తీసి కొత్తది తనే పరిచేవాడు. లోపల్నుంచి మూలుగులు వినబడేవి. "పోనీలేరా తమ్ముడూ, మొగాడినని నిరూపించుకుంటున్నారు" అనేది మా అక్క.

చివరికి అందరం కలిసి తేల్చింది ఏమిటంటే, తప్పు డిపోలో కుర్చీది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇరవై రెండేళ్ళ తర్వాత దాని మీద పడ్డాం. సంగతి మేనేజరు చెవిన పడింది. మర్నాటికల్లా చక్రాలున్న, వెన్ను ఆకారంలో వంపు తిరిగిన కొత్త కుర్చీ మా బావ గదిలోకి వచ్చింది. దాన్ని పట్టించడానికి బల్లను బయట పెట్టాల్సొచ్చింది. "నీ ఆరోగ్యం నాకు ముఖ్యం, విచారణకి నువ్వు నిటారుగా రావాలి" అన్నాడట మేనేజరు. ఆ కుర్చీలో కూర్చున్న వారానికి నొప్పి నడుము నుంచి మెడకెక్కింది.

అప్పుడు ఎవరో నొప్పుల డాక్టరమ్మ గురించి చెప్పారు. మా బావను నా సరుకు బండిలో, నాలుగో పరుపు మీద పడుకోబెట్టి తీసుకెళ్ళాను. ఆవిడ కాగితాలన్నీ చూసి, నొక్కి, వంచి, నడిపించి, మందేమీ రాయకుండా ఒక్కటే చెప్పింది. "రెండు వారాలు, నొప్పి ఎప్పుడొస్తోందో, ఎప్పుడు తగ్గుతోందో రాసుకురండి."

మా బావ కళ్ళలో అన్ని నెలల్లో మొదటిసారి వెలుగు చూశాను. కొత్త పుస్తకం కొని, స్కేలు పెట్టి గీతలు గీశాడు. తేదీ, రాక, పోక, ఆలస్యం, కారణం. తన నొప్పిని తనే గేటు దగ్గర నిలబెట్టి పద్దెనిమిది రోజులు రాశాడు; డాక్టరమ్మ అడిగింది రెండు వారాలే.

ఆవిడ పేజీలు తిరగేసి ముచ్చటపడింది. "నా దగ్గరికొచ్చినవాళ్ళలో ఇంత శుభ్రంగా రాసినవాళ్ళు లేరండీ. రోజూ 7.10కే వస్తోందే."

"టైముకొస్తుందండీ" అన్నాడు మా బావ, కాస్త గర్వంగానే.

"కారణం కుర్చీ అని రాశారు. ఆదివారం డిపోకి వెళ్తారా?"

"వెళ్ళనండీ."

"ఆదివారం కూడా 7.10కే వచ్చింది కదా." ఆవిడ బల్ల మీదున్న ఎర్ర పెన్ను తీసి 'కుర్చీ' మీద గీత కొట్టింది. కింద 'పరుపు' ఉంది. "7.10కి మీరు పరుపు మీద ఉంటారా? ఉండరుగా." దాని మీదా గీత పడింది. నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. మా బావ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళు డ్రైవర్లు కిటికీ బయట నిలబడి ఎలా ఉండేవాళ్ళో ఆ రోజు ఆయనకు తెలిసి ఉంటుంది.

"అంటే నాది దొంగ నొప్పంటారా?" అన్నాడు చివరికి.

"అననండీ. నొప్పి నిజమే. మీరు పడుతున్న బాధా నిజమే. కుక్క వెంటపడితే ఒళ్ళంతా బిగుసుకుంటుంది కదా? అది పోతే వదులవుతుంది. మీ కుక్క పోవట్లేదు. నెలల తరబడి బిగుసుకునే ఉన్నారు. అలా ఉండి ఉండి, లోపల దెబ్బేమీ లేకపోయినా ఒళ్ళు నొప్పి పుట్టించడం నేర్చేసుకుంది. అందరిదీ ఇలాగే అని కాదు, మీ స్కాన్లన్నీ చూశాకే చెబుతున్నా. కసరత్తులు రాసిస్తాను, మానకుండా చెయ్యండి. 7.10 సంగతేంటో ఎవరికైనా చెప్పుకోండి. నాకే చెప్పాలని లేదు."

తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో వెనక నుంచి "బామ్మర్దీ, బండి ఆపు" అని వినబడింది. ఆపాను. మా బావ పరుపు మీద వెల్లకిలా పడుకుని, బండి పైకప్పు వంక చూస్తూ మొత్తం చెప్పాడు. అత్తగారు, పూలకుండీ, ఒలికిన టీ, బదిలీల లిస్టు. పాత కాగితం చింపడానికి చెయ్యి రాలేదట. ఇంటికి తెచ్చి పరుపు కింద పెట్టాడట. నేను అమ్మిన మూడు పరుపుల కిందికీ అదే మారుతూ వచ్చింది.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే నిదానం ఆ ఏడు నెలలూ నా దుకాణం పక్కనున్న గోడౌనులో కాపలా పని చేస్తున్నాడు. స్టీరింగు పట్టిన చేతుల్లో తాళాలగుత్తి. రోజూ నన్ను చూసి "మీ బావ నడుమెలా ఉంది?" అని అడిగేవాడు. ఆ కాగితం ఎవరి చేత్తో రాసిందో అతనికి తెలుసు. తెలిసీ, ఆ ఊసెత్తకుండా నడుము గురించే అడిగేవాడు.

"అతను రోజూ నీ నడుము గురించి అడుగుతాడు బావా" అన్నాను. ఇంకా చాలా అందామనుకున్నాను. ఆయన ముఖం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు. నేను ముందుకెళ్ళి బండి నడిపాను.

పదిరోజులకు విచారణ. మా బావ పరుపు ఎత్తి కాగితం తీసుకున్నాడు. ఈసారి తలుపు వేసుకోలేదు. డిపోలో నేను వరండాలో, తెరిచిన కిటికీ పక్కన నిలబడ్డాను. నిదానం లోపల గోడకు ఆనుకుని ఉన్నాడు. విచారణాధికారి మర్యాదస్తుడు. "మీకు నడుమునొప్పటగా, కూర్చోండి" అన్నాడు. మేనేజరే లేచి ఆ చక్రాల కుర్చీ తోశాడు.

"నిలబడతానండీ" అన్నాడు మా బావ. "ఆ రోజు బస్సు 7.35కి బయల్దేరింది. ఫైల్లో ఉన్నది తర్వాత రాసింది. నేనే రాశాను. ఇది అసలుది."

బల్ల మీద పెట్టాడు. మూడు పరుపుల కింద అణిగిన కాగితం ఇస్త్రీ చేసినట్టుంది. టీ మరక ఒక్కటే గుండ్రంగా కనిపించింది. అధికారి కారణం గడి పైకి చదివాడు. గదిలో ఎవరూ నవ్వలేదు.

"మీ మీద కూడా చర్య ఉంటుంది, తెలుసా?"

"ఉండాలండీ."

ఉంది. మా బావను మూడు నెలలు సస్పెండ్ చేశారు. నిదానానికి ఉద్యోగం తిరిగిచ్చారు. మేనేజరును శిక్షగా ఇంతకంటే పెద్ద డిపోకు మార్చారు. అత్తగారు ఇప్పుడు అక్కడి బస్సులు ఆపుతున్నారని వినికిడి.

నిజం చెప్పేశారు కదా, ఇక నొప్పి రాదని మా అక్క సంబరపడింది. మర్నాడు 7.10కి టంచనుగా వచ్చింది. నెలల అలవాటు ఒక్కరోజులో పోతుందా అంది డాక్టరమ్మ. మా బావ కసరత్తులు చేస్తూ పుస్తకంలో రాస్తూనే ఉన్నాడు. రెండో వారంలో ఒకరోజు 7.40కి వచ్చింది. తర్వాత తొమ్మిదింటికి. మూడో వారంలో రెండు రోజులు రద్దు. నాలుగో పరుపు నా దుకాణంలోనే ఉండిపోయింది.

నిదానం డ్యూటీలో చేరే రోజు పొద్దున, వెళ్తూ వెళ్తూ మా అక్క ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు. యూనిఫాంలో గుమ్మం దగ్గర నిలబడి, బల్ల మీదున్న నొప్పి పుస్తకం తీసి, పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. అతను దేన్నైనా తొందరగా చదివే మనిషి కాదు.

"గడియారం," అన్నాడు, "ఏడు నెలలు లేటు. కారణం రాశావా?"

"రాయలేదు."

పుస్తకం మా బావ ముందుకు తోశాడు. మా బావ పెన్ను తీసి 'మేనేజరు' అని రాశాడు. కాసేపు దాన్నే చూశాడు. ఎర్ర పెన్ను తీసి తనే దాని మీద గీత కొట్టాడు. పక్కన 'భయం' అని రాసి, ఎర్ర పెన్ను నిదానం చేతికిచ్చాడు.

నిదానం ఆ మాట చదివాడు. మళ్ళీ చదివాడు. పెన్నుకు మూత పెట్టి, పుస్తకం మూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.