వెనక పట్టుకునే మనిషి

మా అమ్మకు జాతరలో పూనకం వచ్చేది. ఊరికి అది భక్తి, నాకు హడలు. తప్పెట మొదలవగానే నాయన తన తువ్వాలును అమ్మ నడుముకు చుట్టి, రెండు కొసలూ పట్టుకుని వెనక నిలబడేవాడు. ఆమె ఎటు ఊగితే ఆయనా అటే. చివర్లో పసుపు నీళ్లు చల్లి, పేరు పెట్టి పిలిచి ఆమెను ఈ లోకంలోకి తెచ్చేవాడు. ఒక ఏడు ఎంత పిలిచినా రాలేదు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుంటే నా మొహంలోకి చూసి, "ఎవరి బిడ్డ ఇది?" అంది.

నాయన నన్ను పక్కకు లాగి, "మీయమ్మ ఇంకా రాల్యా పాపా, దగ్గరికి పోవద్దు" అన్నాడు.

పొద్దున్నే అమ్మ ఏమీ ఎరగనట్టు సంగటి కెలికింది. నేను మాత్రం అప్పటినుంచి తప్పెట వినబడితే చెవుల్లో దూది కుక్కుకునేదాన్ని. ఆ పూనకం నాకూ వస్తుందేమోనని భయం.

అలాంటి నా కడుపున, శబ్దాలతో ధ్యానం చేయించే పిల్ల పుట్టింది! బెంగళూరులో చదివి వచ్చి, మైకు పట్టుకుని శబ్దాలు రికార్డు చేసుకుంటూ పల్లెలన్నీ తిరిగింది. బత్తలపల్లెలో ఖాళీగా ఉన్న పట్టుపురుగుల షెడ్డు ఒకటి తీసుకుని, చాపల కింద స్పీకర్లు అమర్చింది. జనం అనంతపురం నుంచి కార్లేసుకుని వచ్చి అక్కడ కళ్లు మూసుకుని పడుకుంటారు. పడుకోవడానికి అంత దూరం ఎందుకో నాకైతే అర్థం కాదు.

ఒక మధ్యాహ్నం నన్నూ రమ్మంది. తప్పెట ఉందా అని అడిగాను.

"ఉండాది మా. శానా మెల్లగా చేసినా. నీకు తెలియను కూడా తెలీదు."

రానుపో అని కసిరాను. దాని మొహం చిన్నబోయింది. కన్నబిడ్డ పని చూడకుండా ఎన్నాళ్లుంటాను? వెళ్లాను.

లైట్లు ఆర్పేశారు. మొదట గొర్రెల మెడగంటలు, తర్వాత కంబదూరు గుట్టల మీది గాలిమరల హోరు. బాగానే ఉంది. అంతలో చాపలోంచి నా వెన్నులోకి ఏదో ఎక్కింది. మిగతావాళ్లు దూరాన ఉరుము అనుకుని ఉంటారు. నేను పోల్చుకున్నాను. ఎంత మెల్లగా సాగదీసినా అది ఆ దెబ్బే.

పాదాలు వణకసాగాయి. ఆపుదామంటే నా మాట వినలేదు. స్పీకర్లోంచి నా కూతురి గొంతే, "పట్టు వదిలేయండి" అంటోంది. ఒళ్లు మండింది. వదిలేస్తే పట్టుకునేదెవరు? అటు పక్కాయన గురక పెడుతున్నాడు. అరుద్దామంటే నాలుక తిరగలేదు. చావుకు కూడా అంత భయపడలేదు నేను. కళ్లు తెరిచి, నా బిడ్డనే చూసి, ఎవరి బిడ్డ ఇది అంటానేమోనని వణికిపోయాను.

నడుము దగ్గర ఏదో గట్టిగా లాగింది. ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. శబ్దం ఆగిపోయింది.

కళ్లు తెరిచేసరికి లైట్లు వెలుగుతున్నాయి. నేను నడుముకు దోపుకున్న కొంగును పిడికిలికి చుట్టుకుని నా కూతురు పక్కనే కూర్చుని ఉంది. మొదటినుంచీ అక్కడే ఉందట, స్పీకర్లోది ముందే రికార్డు చేసిన గొంతట. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మా, నేనెవరు?" అని అడిగింది.

అమ్మమ్మ సంగతి దానికి చెప్పింది నేనే, నవ్విస్తూ చెప్పాను. అది నవ్వి ఊరుకుందనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

"నా బిడ్డవే లే. కొంగు ఇడువు, చినుగుతాది" అన్నాను.

జనమంతా లేచి, చెప్పులు వేసుకుని, కార్లెక్కి వెళ్లిపోయారు. అది ఇంకా కొంగు వదల్లేదు.